గండం గడిచాక... కలల గండం!

తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుందంటారు. తెలుగిళ్లలో ఈ మాట వినకుండా పెరిగినవాళ్లు ఉండరేమో. పరీక్ష పాసైనట్టో, పోయిన గొలుసు దొరికినట్టో కలొస్తే ఆ మాట వినడానికి భలే ఉంటుంది. అదే, తగ్గిపోయిందనుకున్న క్యాన్సర్ మళ్లీ వచ్చినట్టు కలొస్తే? ఉలిక్కిపడి లేచి గడియారం చూస్తే నాలుగున్నర. ఇక ఆ మనిషికి నిద్రెక్కడిది!

క్యాన్సర్ చికిత్స ముగించుకుని ఇంటికొచ్చినవాళ్లలో చాలామందికి ఇలాంటి రాత్రులు పరిచయమే. ఆపరేషన్, కీమో, రేడియేషన్... ఒక్కో మెట్టూ దాటుకుంటూ వస్తారు. ‘రిపోర్టులు బాగున్నాయి, ఇక మూడు నెలలకోసారి వచ్చి చూపించుకుంటే చాలు’ అని డాక్టరు చెబుతారు. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుని ఎవరి పనుల్లో వాళ్లు పడతారు. సరిగ్గా అప్పుడు కలలు వెంటపడతాయి. మామూలు కలలు కావు. లేచాక కూడా కళ్లముందు కదలాడేంత స్పష్టంగా, రంగులతో, మాటలతో, ఒక్కోసారి ఆసుపత్రి వాసనతో సహా! ఎంత నడిచినా తరగని వరండా. పేరు పిలుస్తుంటే చేతిలో ఫైలు కనిపించకపోవడం. దువ్వెన నిండా జుట్టు. ఎప్పుడో పోయిన అమ్మో నాన్నో గుమ్మంలో నిలబడి రమ్మని పిలవడం.

ఈ చివరిదానితోనే పెద్ద చిక్కు. పోయినవాళ్లు కలలోకొచ్చి పిలిస్తే మంచిది కాదనీ, పళ్లూడినట్టు కలొస్తే ఇంట్లో ఎవరికో మూడిందనీ, కలలో పెళ్లి చూస్తే చావు కబురు వింటామనీ మనకి బోలెడు నమ్మకాలు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు వీటిని పొద్దున కాఫీ తాగేలోపు మర్చిపోగలరు. మొన్నటిదాకా చావుబతుకుల మధ్య ఊగిసలాడినవాళ్లు అంత తేలిగ్గా తీసుకోలేరు.

చెబితే కదా తెలిసేది!

మాటవరసకి ఓ యాభై ఏళ్ల ఇల్లాలిని ఊహించుకోండి. రొమ్ము క్యాన్సర్‌కి చికిత్స అయిపోయి ఆర్నెల్లయింది. రోజూ ఓ హార్మోన్ మాత్ర వేసుకుంటోంది. తెల్లవారుజామున లేచి కూర్చుంది. ఒళ్లంతా చెమట.

‘‘ఏంటి, నిద్ర పట్టలేదా?’’ పక్కనుంచి భర్త.

‘‘ఉక్కపోతగా ఉందండీ. మీరు పడుకోండి.’’

అంతే. కల సంగతి చెప్పదు. చెబితే ఆయన కంగారుపడతారు. కూతురికి ఫోన్ చేసి చెబితే ‘‘అమ్మా, నువ్వు అనవసరంగా ఆలోచిస్తున్నావ్’’ అంటుంది. అత్తగారి చెవిన పడిందా, మధ్యాహ్నానికల్లా జాతకం బయటికొస్తుంది. అందుకే ఎవరికీ చెప్పదు. చివరికి డాక్టరుకి కూడా! ‘ఇన్ని లక్షలు ఖర్చుపెట్టి బతికించారు, ఇప్పుడు కలలొస్తున్నాయని చెబితే నవ్వుతారేమో’ అన్న మొహమాటం. అటు డాక్టరుకీ ఓపీలో ఆమెకి కేటాయించగలిగేది కొద్ది నిమిషాలే. గడ్డలేమైనా తగిలాయా, ఎముకల్లో నొప్పులున్నాయా, బరువు తగ్గారా అని అడుగుతారు. నిద్ర ఎలా పడుతోందని అడిగేది తక్కువ.

ఇది మన దగ్గరే కాదు. కెనడాలోని లావల్ విశ్వవిద్యాలయానికి చెందిన సైకాలజిస్టులు జొసే సవార్, చార్లెస్ మోరిన్ 2001లో క్యాన్సర్ రోగుల నిద్రలేమి మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ వడపోసి ఓ వ్యాసం రాశారు. దాని శీర్షికలోనే దాన్ని ‘నిర్లక్ష్యానికి గురైన సమస్య’ అన్నారు. క్యాన్సర్ కొత్తగా బయటపడినవాళ్లలో, ఇటీవలే చికిత్స పొందినవాళ్లలో 30 నుంచి 50 శాతం మంది నిద్ర సరిగా పట్టడంలేదని చెబుతున్నారన్నది వాళ్లు తేల్చిన లెక్క. తర్వాత 2010లో అమెరికాలో కీమోథెరపీ తీసుకుంటున్న 823 మందిని పరిశీలించినప్పుడు పరిస్థితి ఇంకా తీవ్రంగా కనిపించింది. ప్రతి నలుగురిలో ముగ్గురికి పైగా ఎంతో కొంత నిద్రలేమితో బాధపడుతున్నారు. మామూలు జనంతో పోలిస్తే ఇది దాదాపు మూడు రెట్లు.

అంటే, ఆ ఇల్లాలు ఒంటరి కాదు. ఆ సంగతి ఆమెకి తెలీదు, అంతే.

తెల్లవారుజాము గుట్టు

ఇంతకీ కలలు తెల్లవారుజామునే ఎందుకంత బలంగా వస్తాయి? దీనికి శాస్త్రం దగ్గర చక్కటి జవాబుంది.

1953లో షికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియేల్ క్లైట్‌మన్ అనే ఇద్దరు ఓ వింత గమనించారు. నిద్రలో కొన్ని సమయాల్లో మూసిన రెప్పల కింద కనుగుడ్లు చకచకా కదులుతున్నాయి. ఆ సమయంలో లేపి అడిగితే చాలామంది ‘ఇప్పుడే కలొచ్చింది’ అన్నారు. కళ్లు కదిలే ఈ దశకే ‘రెమ్’ నిద్ర అని పేరు. కలలు వేరే దశల్లోనూ రావచ్చుగానీ కథలా సాగే కలలు, మనసుని కుదిపేసే కలలు ఎక్కువగా ఇక్కడే.

రాత్రి నిద్ర ఒకే తీరున సాగదు. సుమారు గంటన్నరకో చక్రం చొప్పున తిరుగుతుంది. తొలిజాములో గాఢనిద్ర ఎక్కువ, రెమ్ నిద్ర కొద్ది నిమిషాలే. రాత్రి గడిచేకొద్దీ గాఢనిద్ర తగ్గి, రెమ్ నిద్ర పెరుగుతుంది. తెల్లవారుజామున అది అరగంటకి పైగా కూడా సాగొచ్చు. కాబట్టి పొడవైన కలలు అప్పుడే వస్తాయి. కాసేపట్లో ఎలాగూ మెలకువ వస్తుంది కనుక గుర్తుండేవీ అవే. అర్ధరాత్రి వచ్చిన కల మీద మరో నాలుగు గంటల నిద్ర పడుతుంది, చెరిగిపోతుంది. తెల్లవారుజాము కలకి చెరిగిపోయే తీరిక ఉండదు. పెద్దవాళ్లు గమనించింది నిజమే. ఆ వేళ కలలు వేరుగానే ఉంటాయి. అంతవరకే నిజం. అవి జరగబోయేది చెబుతాయన్నది మాత్రం మనం కలుపుకున్నది.

ఇంకో సంగతి కూడా ఇక్కడే తెలియాలి. కల గుర్తుండాలంటే మెలకువ రావాలి. రాత్రంతా ఒళ్లు తెలియకుండా పడుకునేవాళ్లకీ కలలొస్తాయి. పొద్దునకి ఏమీ గుర్తుండదు, ‘నాకసలు కలలే రావు’ అంటారు. నాలుగుసార్లు లేచేవాళ్లకి మాత్రం నాలుగు కలలు గుర్తుంటాయి. క్యాన్సర్ చికిత్స తర్వాత ‘కలలు ఎక్కువైపోయాయి’ అనిపించడం వెనక చాలావరకు ఉన్నది ఇదే. కలలు పెరగడం కన్నా, నిద్ర మధ్యలో తెగిపోవడం.

మరి ఎందుకు తెగుతోంది?

ఒళ్లు సెగలు... దుప్పటి తడి

రొమ్ము క్యాన్సర్ చాలావరకు హార్మోన్ల మీద ఆధారపడి పెరిగే రకం. అలాంటివాళ్లకి చికిత్స పూర్తయ్యాక అయిదేళ్లు, అవసరమైతే పదేళ్లు టామాక్సిఫెన్‌గానీ, లెట్రోజోల్, అనస్ట్రోజోల్ లాంటి మాత్రలుగానీ ఇస్తారు. మొదటిది ఈస్ట్రోజెన్‌ని కణితి కణాలకి అందకుండా అడ్డుకుంటుంది. మిగతావి శరీరంలో దాని తయారీనే తగ్గించేస్తాయి. మంచిదే. కానీ మెదడులో ఒంటి వేడిని అదుపులో ఉంచే భాగానికి కూడా ఈస్ట్రోజెన్ అవసరమే. అది తగ్గేసరికి ఆ భాగం చాదస్తపు అత్తగారిలా తయారవుతుంది. ఒంటి వేడి ఒక్క పిసరు పెరిగినా కొంపలంటుకున్నంత హడావుడి చేస్తుంది. గుండె దడ, మొహం మీదికి ఎగదన్నే సెగ, ఆ వెంటనే చెమటలు, ఆ తడికి చలి. పగలైతే విసనకర్రతో సర్దుకోవచ్చు. రాత్రి అయితే నిద్ర ఫట్!

మామూలుగా మెనోపాజ్ దశలో ఆడవాళ్లకి వచ్చే బాధే ఇది. కాకపోతే కీమోతో, మాత్రలతో వచ్చేది ఒక్కసారిగా వచ్చి పడుతుంది. ముప్ఫై అయిదేళ్లకే రావచ్చు. ప్రొస్టేట్ క్యాన్సర్‌కి హార్మోన్ ఇంజక్షన్లు తీసుకునే మగవాళ్లకీ ఇవే సెగలు, ఇవే చెమటలు. వాళ్లయితే ఈ మాట బయటికి చెప్పడానికి మరీ సిగ్గుపడతారు. ‘ఇవన్నీ ఆడవాళ్ల బాధలు కదా’ అనుకుంటారు.

గుండె దడతో, చెమటలతో మెలకువొచ్చిన క్షణంలో కలలో ఏది నడుస్తుంటే దానికే ఆ దడ అంటుకుంటుంది. కల చూసి గుండె కొట్టుకుందో, గుండె కొట్టుకుని కల భయంకరమైందో చెప్పడం కష్టం. మనిషి మాత్రం కలనే తప్పుబడుతుంది.

మందుల చీటీలో దాగిన కలలు

కీమో ఎక్కించే రోజుల్లో వాంతులు కాకుండా, ఎలర్జీ రాకుండా డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తారు. దాని ప్రభావం ఒకటిన్నర రోజు నుంచి రెండు రోజుల దాకా ఉంటుంది. ‘కీమో అయిన రెండు రాత్రులూ కళ్లు మూతపడవు, పడితే పిచ్చి కలలు’ అని చాలామంది చెప్పేది ఇందుకే. ఆ మాత్రల్ని పొద్దునపూటే వేసుకునేలా డాక్టర్లు సర్దగలిగితే కొంత ఉపశమనం ఉంటుంది. రక్తక్యాన్సర్‌కి చికిత్స పొందే పిల్లలకి నెలకి అయిదు రోజులు స్టెరాయిడ్ ఇచ్చే పద్ధతి చాలాచోట్ల ఉంది. ఆ అయిదు రోజులూ పిల్లాడు రాత్రిళ్లు లేచి ఏడుస్తుంటే దిష్టి తీయడం అమ్మ మనసుకి ఊరట. తప్పులేదు. మందుల తేదీలతో సరిచూసుకుంటే మాత్రం అసలు కారణం క్యాలెండర్‌లోనే కనబడుతుంది.

నొప్పికి వాడే మార్ఫిన్ తరగతి మందులు, బీపీకి వాడే ప్రొప్రనొలాల్, మెటొప్రొలాల్ లాంటివి, సెగలు తగ్గడానికి కొందరికిచ్చే వెన్‌లాఫాక్సిన్... ఇవి కూడా కొందరిలో కలల్ని ముదురురంగులోకి మారుస్తాయి. పెద్ద ఆపరేషన్ తర్వాత మొదటి ఒకటి రెండు రాత్రులు రెమ్ నిద్ర దాదాపు ఉండదు. తర్వాతి రాత్రుల్లో శరీరం ఆ బాకీ వడ్డీతో సహా వసూలు చేసుకుంటుంది. ఆ మూడు నాలుగు రాత్రుల పీడకలలకి కారణం అదే.

గొంతు, నోటి క్యాన్సర్ల సంగతి వేరు. ఉత్తరాంధ్రలో కొందరు ఆడవాళ్లు చుట్ట నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పీల్చే ‘అడ్డపొగ’ అలవాటు వల్ల అంగిలి క్యాన్సర్ తెచ్చుకోవడం తెలిసిందే. మెడకి, గొంతుకి ఆపరేషనో రేడియేషనో అయ్యాక కొందరిలో నిద్రలో ఊపిరి దారి మూసుకుపోతుంటుంది. నీళ్లలో మునిగిపోతున్నట్టు, ఎవరో గొంతు నొక్కుతున్నట్టు కలలొచ్చి లేస్తుంటే, దాంతోపాటు పెద్దగా గురక ఉంటే, నిద్ర పరీక్ష చేయించుకోవాల్సిందే.

మనసు లెక్క వేరు

అన్నీ మందుల మీదికే నెట్టేస్తే అదీ అన్యాయమే. ప్రాణం పోతుందేమోనన్న భయాన్ని నెలల తరబడి మోసిన మనసు, చికిత్స అయిపోయిన మర్నాడే దించేసి కూర్చోదు. చికిత్స జరుగుతున్నన్నాళ్లూ భయపడటానికి తీరిక ఉండదు. రక్తపరీక్ష, స్కాన్, ఆరోగ్యశ్రీ కాగితాలు, తర్వాతి కీమో తేదీ... వీటితోనే సరిపోతుంది. అన్నీ అయిపోయాక ఖాళీ దొరుకుతుంది. అప్పుడు బయటికొస్తుంది భయం.

మలేసియాలో 469 మంది క్యాన్సర్ రోగుల్ని కొన్నేళ్లపాటు వెంబడించి చూసిన ఓ అధ్యయనం ఫలితాలు 2017లో వచ్చాయి. వ్యాధి బయటపడిన ఆర్నెల్లకి దాదాపు 22 శాతం మందిలో, యుద్ధాలూ ప్రమాదాలూ చూసినవాళ్లలో కనిపించే తరహా మానసిక గాయం లక్షణాలు కనిపించాయి. నాలుగేళ్లకి అది ఆరు శాతానికి దిగింది. అంటే, ఎక్కువమందికి కాలమే మందు. కానీ కొందరికి కాదు. అదే అధ్యయనంలో రొమ్ము క్యాన్సర్ రోగులు మిగతావాళ్ల కన్నా మెరుగ్గా ఉన్నారు. ఆ ఆసుపత్రిలో వాళ్లకి మొదటి ఏడాది ప్రత్యేకంగా కౌన్సెలింగ్, తోడ్పాటు అందడం అందుకు కారణం కావచ్చని పరిశోధకులు అన్నారు. మన పెద్దాసుపత్రులు గమనించాల్సిన ముక్క ఇది.

చెకప్ దగ్గరపడేకొద్దీ కలలు ఎక్కువవడం కూడా అందరికీ అనుభవమే. ఎముక క్యాన్సర్ నుంచి బయటపడ్డ అమెరికన్ రచయిత బ్రూస్ ఫైలర్ 2011లో టైమ్ పత్రికలో దీని గురించి రాస్తూ ‘స్కాంగ్జయిటీ’ అన్న మాట వాడారు. స్కానూ, యాంగ్జయిటీ కలిపిన మాట. తెలుగులో ‘స్కాన్ గుబులు’ అనుకోవచ్చు. తారీఖు దగ్గరికొస్తుంటే కలొచ్చింది కానీ, కలొచ్చింది కాబట్టి రిపోర్టు చెడుగా రాదు. చెకప్‌కి ముందు వారం పీడకలలొచ్చి, రిపోర్టు శుభ్రంగా వచ్చిన సందర్భాలు ఎవరూ లెక్కపెట్టరు. ఎప్పుడో ఒకసారి కాకతాళీయంగా కలిసిందే కథలుగా తిరుగుతుంది.

అన్నట్టు, చెడ్డ కల ఎప్పుడూ చెడ్డదే అనుకోనక్కర్లేదు. విడాకులతో కుంగిపోయినవాళ్ల కలల్ని ఏళ్ల తరబడి పరిశీలించిన షికాగో పరిశోధకురాలు రోజలిండ్ కార్ట్‌రైట్ ఓ విచిత్రం గమనించారు. విడిపోయిన భాగస్వామి గురించే, ఉద్వేగంగా కలలుగన్నవాళ్లు మిగతావాళ్ల కన్నా బాగా కోలుకున్నారు. మెదడు రాత్రిపూట కూర్చుని పాత దుఃఖాన్ని సర్దుకుంటుందన్నమాట. కల ఒకటి రెండుసార్లు వచ్చి, మెల్లగా రూపు మారి, పలచబడుతుంటే ఆ సర్దుడు జరుగుతున్నట్టే. ఒకే కల వారానికి రెండు మూడుసార్లు, నెలలు గడిచినా అలాగే వస్తుంటేనే ఆలోచించాలి.

మాత్ర మానేస్తే... అదీ అసలు ప్రమాదం

కల గురించి నోరు విప్పకపోతే పోయేదేముంది, నాలుగు రాత్రుల నిద్రే కదా అనుకోవచ్చు. కానీ నష్టం అక్కడితో ఆగదు.

‘ఈ మాత్ర మొదలెట్టాకే కలలు’ అని ఆ ఇల్లాలు ఎప్పుడో ఒకప్పుడు గమనిస్తుంది. రెండ్రోజులు మానేసి చూస్తుంది. కాస్త నిద్ర పట్టినట్టనిపిస్తుంది. ‘ఎలాగూ తగ్గిపోయింది కదా’ అని డబ్బా బీరువాలో వెనక్కి నెడుతుంది. డాక్టరు అడిగితే ‘వేసుకుంటున్నానండీ’ అంటుంది.

ఇది ఊహ కాదు. అమెరికాలోని కాలిఫోర్నియాలో 8,769 మంది రొమ్ము క్యాన్సర్ బాధితుల మందుల రికార్డులు తిరగేసి 2010లో ఓ అధ్యయనం ప్రచురించారు. నాలుగున్నరేళ్లు తిరిగేసరికి వాళ్లలో 32 శాతం మంది హార్మోన్ మాత్రలు పూర్తిగా మానేశారు. మానని వాళ్లలోనూ అందరూ సరిగా వేసుకోలేదు. మొత్తమ్మీద సగం మంది కూడా పూర్తికాలం సక్రమంగా వాడలేదు. ఇందులో కలల వల్ల మానేసినవాళ్లెందరు, కీళ్లనొప్పులతో, సెగలతో మానేసినవాళ్లెందరు అన్నది ఆ రికార్డుల్లో ఉండదు. కానీ నిద్రలేని మనిషి ఏదో ఒకటి తెంచేసుకోవాలనే చూస్తుంది. చేతికందేది ఆ మాత్రే.

అయిదేళ్లు టామాక్సిఫెన్ వాడిన హార్మోన్ రకం రోగుల్లో రొమ్ము క్యాన్సర్ మరణాలు పదిహేనేళ్ల కాలంలో సుమారు మూడోవంతు తగ్గాయని అంతర్జాతీయ అధ్యయనాలు తేల్చాయి. ఏ కలకి భయపడి మాత్ర పక్కనపెట్టారో, ఆ కల నిజమయ్యే అవకాశాన్ని పెంచేది ఆ మానేయడమే. మాత్ర పడకపోతే మరో మాత్ర ఉంది. వేళ మార్చుకునే వీలుందేమో అడగొచ్చు. సెగలకి వేరే మందులున్నాయి. అడిగితేనే కదా!

అరువు నిద్ర

మానేయనివాళ్లు మరో దారి పడతారు. తోటికోడలు వాడుతున్న ఆల్‌ప్రజోలామ్ ఓ స్ట్రిప్ తెచ్చుకుంటారు. చట్టప్రకారం డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందే అది. మన మందుల షాపుల సంగతి కొత్తగా చెప్పేదేముంది! మొదటి వారం బ్రహ్మాండంగా నిద్ర పడుతుంది. నెల తిరిగేసరికి ఒకటి చాలదు. ఠక్కున ఆపితే అంతకుముందున్న నిద్ర కూడా పోయి, అణిగి ఉన్న కలలు ఒక్కసారిగా విరుచుకుపడతాయి. మగవాళ్లు ‘ఓ పెగ్గేస్తే నిద్రొస్తుంది’ అంటారు. తొలిజాము నిద్రొస్తుంది. మలిజామున అదే మందు కలల్ని రెట్టించి లేపుతుంది.

ఇంకో జాగ్రత్త. పారాక్సిటిన్, ఫ్లూఆక్సిటిన్ లాంటి కొన్ని డిప్రెషన్ మందులు టామాక్సిఫెన్ ఒంట్లో పనిచేసే రూపంలోకి మారకుండా అడ్డుపడతాయి. నిద్ర కోసం వేరే డాక్టరు దగ్గరికి వెళ్లినా క్యాన్సర్ మందుల చీటీ వెంట తీసుకెళ్లడం తప్పనిసరి.

కథ మార్చేయండి

మరి దారేంటి? పీడకలలకి మందుల కన్నా ముందు ప్రయత్నించదగ్గ పద్ధతి ఒకటుంది. వినడానికి పిల్లల ఆటలా ఉంటుంది. పగటిపూట, మనసు స్థిమితంగా ఉన్నప్పుడు, మళ్లీ మళ్లీ వచ్చే కలని కాగితం మీద రాసుకోవాలి. తర్వాత ఆ కథని ఇష్టమొచ్చినట్టు మార్చేయాలి. ఎక్కడైనా, ఎలాగైనా. ఆ మార్చిన కథని రోజూ ఓ పది పదిహేను నిమిషాలు కళ్లు మూసుకుని మనసులో సినిమాలా చూసుకోవాలి. పాత కలని నెమరేయకూడదు, కొత్తదాన్నే.

తరగని వరండా కలనే తీసుకోండి. మార్చిన కథలో ఆ వరండా చివర తలుపు తెరుచుకుంటుంది. బయట పుట్టింటి పెరడు. నూతి దగ్గర అక్క బట్టలుతుకుతూ ‘ఏమే, ఇంతసేపా’ అంటుంది. మార్పు గొప్పగా ఉండక్కర్లేదు, తర్కం అసలే అక్కర్లేదు. కలకి ఉందా తర్కం?

అమెరికన్ వైద్యుడు బారీ క్రాకో బృందం అత్యాచారానికి గురై ఏళ్ల తరబడి పీడకలలతో నరకం చూసిన 168 మంది స్త్రీల మీద ఈ పద్ధతిని పరీక్షించింది. మూడే మూడు తరగతులు. పీడకలలు గణనీయంగా తగ్గాయి, నిద్ర బాగుపడింది. ఆ ఫలితాలు 2001లో అమెరికన్ వైద్య సంఘం పత్రికలో వచ్చాయి. వాళ్లు క్యాన్సర్ రోగులు కారు, నిజమే. కానీ పీడకల తిష్టవేసుకునే తీరు ఎవరికైనా ఒకటే. అమెరికన్ నిద్ర వైద్యుల సంఘం 2018లో పీడకలల రుగ్మతకి ఈ పద్ధతినే సిఫారసు చేసింది. మరీ భయంకరమైన కలైతే ఒంటరిగా మొదలెట్టకుండా సైకాలజిస్టు సాయం తీసుకోవడం మంచిది. తేలికపాటి కలతో అలవాటు చేసుకుని పెద్దదాని జోలికి వెళ్లాలి.

నిద్రలేమికీ ఇలాంటి చికిత్సే ఉంది. అమెరికన్ ఫిజీషియన్ల కాలేజీ 2016లో, దీర్ఘకాల నిద్రలేమికి మాత్రల కన్నా ముందు ఈ ప్రవర్తన చికిత్సే ఇవ్వాలని చెప్పింది. అందులోని సూత్రాలు మన ఇళ్లలో చెప్పే సలహాలకి సరిగ్గా వ్యతిరేకం. ‘నీరసంగా ఉన్నావ్, పడుకో’ అని మనం రోగిని పగలంతా మంచం మీదే ఉంచుతాం. వాళ్లేమో మంచం నిద్రకే అంటారు. ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టకపోతే లేచి ముందుగదిలోకి వెళ్లి కూర్చోమంటారు. రాత్రి ఎప్పుడు పడుకున్నా పొద్దున ఒకే వేళకి లేవమంటారు. మధ్యాహ్నం కునుకు అరగంట మించొద్దంటారు. మొదటి రెండు వారాలు కష్టంగా ఉంటుంది. తర్వాత గాడినపడుతుంది.

సెగల బాధకి కూడా మాటల చికిత్స పనిచేస్తుందంటే ఆశ్చర్యంగా ఉంటుంది. లండన్ కింగ్స్ కాలేజీ వాళ్లు రొమ్ము క్యాన్సర్ చికిత్స పొందిన 96 మంది స్త్రీలతో చేసిన ప్రయోగంలో, బృందంగా కూర్చోబెట్టి ఊపిరి నిదానించడం, ఆలోచనల్ని మళ్లించడం నేర్పితే సెగలు పెట్టే ఇబ్బంది బాగా తగ్గింది. 2012 నాటి మాట ఇది. మన యోగా కూడా పరీక్షకి నిలిచింది. రోచెస్టర్ విశ్వవిద్యాలయం 410 మంది క్యాన్సర్ విజేతలతో వారానికి రెండుసార్లు చొప్పున నాలుగు వారాలు తేలికపాటి ఆసనాలు, ప్రాణాయామం చేయిస్తే నిద్ర మెరుగైందని 2013లో తేలింది. శీర్షాసనాలు కావు, ఒళ్లు సడలించే ఆసనాలు.

పడుకునే ముందు హనుమంతుణ్ణి, గరుత్మంతుణ్ణి, భీముణ్ణి తలుచుకుంటే పీడకలలు రావని చిన్నప్పుడు నాయనమ్మలు శ్లోకం నేర్పేవారు. దుస్స్వప్నాలు పోవాలని గజేంద్రమోక్షం చదువుకునే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఇష్టమున్నవాళ్లు మానక్కర్లేదు. పడుకునే ముందు మనసుని ఒకచోట నిలిపే ఏ అలవాటైనా మేలే. మందు మానేసి దాన్నే పట్టుకోనంతవరకూ!

ఇంట్లోవాళ్లు ఏం చేయాలి?

‘‘పిచ్చి కలలు, పట్టించుకోకు’’ అనకండి. ఆ మాటతో అవతలివాళ్లు మళ్లీ నోరు తెరవరు. అలాగని కల అర్థం వెతకడం కూడా వద్దు. ‘‘ఏం కలొచ్చింది?’’ అని అడిగి, చివరిదాకా వినండి. సుందరకాండలో త్రిజట తన కలని దాచుకోకుండా నలుగురి ముందూ చెప్పింది. విన్న రాక్షస స్త్రీలు సీతని బెదిరించడం మానేశారు. మన ఇళ్లలో సీత కలని సీతే దాచుకుంటోంది. రాత్రి లేస్తే లైటు వేసి హడావుడి చేయకుండా, ఇది ఏ ఊరు, ఏ గది, టైమెంత అన్నది నెమ్మదిగా చెబితే చాలు. పక్కన నూలు దుప్పటి, మంచినీళ్లు, మార్చుకోడానికి ఓ నైటీ ఉంటే చెమట రాత్రులు సగం తేలికవుతాయి. రాత్రంతా పక్కనే మేలుకునే భర్తకో, కూతురికో కూడా నిద్ర కావాలన్నది ఎవరూ తలుచుకోరు. వంతులు వేసుకోండి.

కొన్ని సందర్భాల్లో ఆలస్యం పనికిరాదు. పీడకలలు వారానికి పలుమార్లు వస్తూ నెల దాటినా తగ్గకపోతే, నిద్రంటేనే భయమేసి మంచం ఎక్కడం వాయిదా వేస్తుంటే, కలలో చేతులు కాళ్లు విసిరి పక్కవాళ్లని కొడుతుంటే, మెలకువలో కూడా ఆసుపత్రి దృశ్యాలు కళ్లముందుకొస్తుంటే, బతుకు మీద విరక్తి మాటలు వినబడుతుంటే వెంటనే డాక్టరుకి చెప్పాలి. వెళ్లేముందు ఓ వారంపాటు చిన్న పట్టిక రాసుకెళ్లండి. ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నింటికి లేచారు, ఏ మాత్ర ఏ వేళకి వేసుకున్నారు, చెమటలు పట్టాయా, కలేమిటి... అంతే. ఓపీలో ఉండే ఆ కొద్ది నిమిషాల్లో, తడబడుతూ చెప్పే మాటలకన్నా ఆ కాగితం ఎక్కువ చెబుతుంది.

క్యాన్సర్ ఆసుపత్రిలో సైకాలజిస్టు లేకపోతే దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి చీటీ రాయించుకోవచ్చు. అదీ కుదరకపోతే, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్ ఉంది. 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు. ఖర్చు లేదు, రాత్రి పగలు తేడా లేదు. నాలుగున్నరకి మెలకువొచ్చినా సరే.